ఎముకలప్ప గంట

హొసకోటె దాటి మాలూరు రోడ్డులో నాలుగు కిలోమీటర్లు పోతే ఎడమ పక్క పెద్ద కమాను ఒకటి ఉండాది. రెండు సిమెంటు సింహాలు, వాటి నోట్లో రెండు బల్బులు. పొద్దు గుంకినాక ఆ కమాను దాటి మా పక్క మనిషెవడూ లోపలికి పోడు. మేక తప్పిపోయినా తెల్లారినాకనే వెతుక్కుంటారు. ఆటోవాడు కమాను కాడే ఆపేసి, "ఇంక నడుసుకోండప్పా" అంటాడు. ఎంత బతిమాలినా చక్రం లోపలికి తిప్పడు.

ఏంటికంటే — లోపల గంట మోగుతాదంట.

కరెంటు ఉన్నా మోగుతాది... లేకున్నా మోగుతాది.

కట్టినోళ్ళు దానికి పెట్టిన పేరు గోల్డెన్ ప్రాగ్. మా ఊరోళ్ళు పెట్టిన పేరు గంట లేఅవుటు. కట్టినోళ్ళ పేరు కమాను మీదే ఉండిపోయింది, మా పేరు జనం నోట్లో నిలబడింది.

నా పేరు చిక్కమునియప్ప. టెంపో ట్రావెలర్ నడుపుతా. ఈ చెప్పేదాంట్లో సగం నేను చూసింది, సగం వరూధిని మేడం నాతో చెప్పింది. ఎక్కించి చెప్పే అలవాటు నాకు లేదు. ఆ లేఅవుటు గురించి ఎక్కించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు కూడా, బ్రోచర్లోనే అంతా అయిపోయింది.

యూరప్‌లో ప్రాగ్ అని పాత పట్నం ఉండాదంట. వెయ్యేండ్ల నాటిది. ఆడ సందులన్నీ పోయి పోయి పెద్ద పెద్ద బయళ్ళలో కలుస్తాయంట. వాటిని స్క్వేర్లు అంటారు. సంతలు జరిగిందీ, రాజులు ఊరేగిందీ, జనం తిరగబడిందీ అన్నీ ఆ బయళ్ళలోనే. మా లేఅవుటు ఓనరు, పెద్దసారు, ఎనిమిది రోజుల టూరు పోయి వాటిని చూసినాడు. తొమ్మిదో రోజు తిరిగొచ్చి ఇంజినీరును పిలిచి, "ఇది నాకు హొసకోటెలో కావాల" అన్నాడు. రాగి పండే చేనులో ప్రాగు మొలిచింది.

నూటా ఎనభై ఇండ్లు కట్టినారు. ఒక్క ఇంట్లోనూ దీపం లేదు. మధ్యలో మూడు స్క్వేర్లు.

మొదటిది గుర్రాల సంత. ఆడ ఫైబరు గుర్రం, దాని మీద ఫైబరు రాజు. ఎండకు రాజు మూతి పగిలిపోయింది. రెండోది పశువుల సంత. అసలు ప్రాగులో అట్లాంటి స్క్వేరు నిజంగానే ఉండాదంట, ఒకప్పుడు ఎద్దులూ ఆవులూ అమ్మిన జాగా. మా లేఅవుటులో దాని కాడ ఒక బోర్డు పెట్టినారు — పశువులను లోపలికి తోలరాదు. ఆ బోర్డు పాతిన చోట మా చిన్నాయన నలభై ఏండ్లు ఎద్దులు మేపినాడు.

మూడోది గడియారం స్క్వేరు. దాని కోసమే ఈ కథ.

ప్రాగులో ఆ గడియారానికి ఆరు వందల ఏండ్లంట. గంట గంటకూ రెండు కిటికీలు తెరుచుకుంటాయి, సాధువుల బొమ్మలు తొంగి చూసి పోతాయి, పక్కన నిలబడిన అస్థిపంజరం ఒకటి తాడు లాగి గంట కొడతాది. నీ టైము అయిపోతా ఉండాదిరా అని చెప్పడానికి. మావాళ్ళు ఆ అస్థిపంజరాన్ని వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర చేయించినారు. వాళ్ళ చెయ్యి అలవాటు పోనిచ్చినారా? ఎముకల మనిషికి చిన్న బొజ్జ వచ్చింది. కూలీలు దానికి ఎముకలప్ప అని పేరు పెట్టినారు.

ఈ ఎముకలప్పే రాత్రిళ్ళు గంట కొడతా ఉండాడని జనం మాట.

ఇంకో మాట కూడా ఉండాది. అది మెల్లగా చెప్పుకుంటారు... గంట కొట్టేది బొమ్మ కాదు, మల్లయ్య అని.

మల్లయ్య పాలమూరు పక్క నుంచి వచ్చిన కూలీ. మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఆ సైటులోనే పని. ఈ కథ జరిగే రాత్రికి రెండేండ్ల ముందర ఒక పొద్దున హైవే పక్కన చచ్చి పడి ఉండినాడు. తాగి రోడ్డు దాటతా లారీ కింద పడినాడని కాగితాలు రాసినారు, శవాన్ని ఊరికి పంపించేసినారు. సైటు కూలీలు మాత్రం గుసగుసలాడినారు — వాడు పడింది రోడ్డు మీద కాదు, గడియారం గోపురం మీద నుంచి అని. అట్ల గుసగుసలాడిన వాళ్ళను వారంలో మార్చేసినారు.

ఆరు నెల్లకు గంట మొదలైంది. కొన్ని శనివారాలు. రాత్రి ఏడూ నలభైకి.

ఇంక వరూధిని మేడం సంగతి. ఆయమ్మది ధర్మవరం పక్క, పెరిగింది బెంగళూరులో. టూరు కంపెనీలో ఇరవై ఏండ్లు చేసింది. పంతొమ్మిది సార్లు మనవాళ్ళను ప్రాగు తీసకపోయి తిప్పింది. లాక్‌డౌన్‌లో ఆ కంపెనీ మూసేసినారు. నలభైతొమ్మిదేండ్ల ఆడమనిషికి మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారు? మూడేండ్లు తిరిగి తిరిగి, చివరికి మా లేఅవుటులో చేరింది. శనివారం శనివారం ఇండ్లు కొనేవాళ్ళను మెట్రో స్టేషన్ కాడ నేను ఎక్కించుకొస్తే, ఆయమ్మ మూడు స్క్వేర్లూ నడిపించి కథ చెప్పాల. దానికి వాక్ అని పేరు. మూడో స్క్వేరులో కాఫీ, కేకు. ఆ పైన మోహన్‌కుమార్ అనే మేనేజరు వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవాల.

ఆయమ్మకు ఎవరన్నా లెక్క లేదు. నేనన్నా లెక్క లేదు. మొదటి రోజు ఆ గుర్రాన్ని చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుండాది.

"అసలుది ఇట్లే ఉంటాదా మేడం?" అని అడిగినా.

"చిక్కమునియప్పా, అసలుది చూసినోడెవడైనా దీని మీద ఉమ్మేస్తాడు" అనింది.

వచ్చేవాళ్ళన్నా అంతే. ప్రాగు నడిబొడ్డున నిలబెట్టినా పెరుగన్నం యాడ దొరుకుతాదని అడిగిన జనాన్ని ఇరవై ఏండ్లు మోసిన మనిషి. ఈడ ఇంకొంచెం అన్యాయం. నాలుగు వందల ఏండ్ల కిందటి సంగతి ఆయమ్మ చెప్తా ఉంటే, "మేడం, కార్ పార్కింగ్ ఎన్ని?" అంటారు. ఆయమ్మ పండ్లు కొరుక్కోని, "టూ కవర్డ్ సార్" అంటాది.

ఆ గడియారం స్క్వేరులో నేల మీద ఇరవై ఏడు తెల్లరాతి శిలువలు పరిచినారు. ఫోటో చూసి పరిచినారు, ఏంటికో ఎవరికీ తెలీదు. మోహన్‌కుమార్ అయితే వాటిని "ఫ్లోరల్ డిజైన్" అని చెప్పేవాడు. మేడం చెప్పింది నాకు — అసలు ప్రాగులో రాజు మీద తిరగబడినందుకు ఇరవై ఏడు మందిని ఆ బయల్లోనే, జనం ముందర, ఒక్క పొద్దులో చంపినారంట. పడిన ఒక్కొక్క తలకు ఒక్కొక్క శిలువ. వాళ్ళ పేర్లన్నీ గోడ మీద చెక్కి పెట్టినారు, ఈ పొద్దుకూ పోయి చదవొచ్చు. మావాళ్ళు శిలువలు కాపీ కొట్టినారు, పేర్లు మాత్రం వదిలేసినారు.

ఆ శనివారం ధనుర్మాసం. మధ్యాహ్నం నుంచే చలి. మోహన్‌కుమార్ ఆఫీసుకు మేడంను పిలిచినాడు. తలుపు తెరిచే ఉండాది, నేను బయట నిలబడి ఉన్నా.

"పోయిన నెలలో రెండు సార్లు గంట మోగింది. రెండు గ్రూపులూ పారిపోయినాయి. ఒక్క బుకింగ్ కాలేదు" అన్నాడు.

"మోటార్ ప్రాబ్లం సార్. రిపేర్ చేయించమని నేను మెయిల్ పెట్టాను."

"మోటార్ తీసి మూడు నెలలైంది మేడం."

ఆయమ్మ కిటికీలోంచి గోపురం పక్క చూసింది.

"ఈ పొద్దు నేనే వస్తా. ఇంకొక్కసారి మోగిందనుకో, వాక్ బంద్. మీరూ బంద్." కొంచెం ఆగి నవ్వినాడు. "దెయ్యమంట, దెయ్యం! ఈ కూలోళ్ళకు చదువు లేక అన్నీ దెయ్యాలే. చచ్చినోడు లేచొస్తాడా? నాకు చూపించమనండి, సెల్ఫీ తీసుకుంటా."

మేడం బయటికొచ్చి టెంపో ఎక్కింది. మొఖం ఎర్రగా అయింది. "ఎవడో నా పొట్ట మీద కొడుతున్నాడు చిక్కమునియప్పా. దెయ్యమూ లేదు, దాని మొఖమూ లేదు. ఈ రోజు వాడి చెయ్యి పట్టుకుంటాను" అనింది.

పదకొండు మంది వచ్చినారు ఆ పొద్దు. అందులో అమరనాథ్ అని ఒకాయన, వచ్చినప్పటి నుంచి ఫోను కర్రకు కట్టుకొని తన మొఖానికే చూపిస్తా, "గయ్స్, గయ్స్" అని మాట్లాడతా ఉండాడు. ఎవరా గయ్సో నాకు కనపడలేదు.

గుర్రాల సంత అయింది. పశువుల సంత అయింది. నేను టెంపోను చుట్టు రోడ్డులో తీసకొచ్చి గడియారం స్క్వేరు మూల ఆపినా. వాక్ ఆడితో అయిపోతాది, ఆడే ఎక్కించుకోవాల. నేను దిగలేదు. ఆ స్క్వేరులో నేను ఎప్పుడూ దిగను.

ఏడూ ముప్పై.

మంచు దిగతా ఉండాది. దీపాల చుట్టూ పొగ మాదిరి. ఖాళీ ఇండ్ల కిటికీలు నల్లగా... మేడం గడియారం కింద నిలబడి చెప్తా ఉండాది. పదకొండు మంది కాఫీ తాగతా ఉండారు. మోహన్‌కుమార్ చేతులు కట్టుకొని పక్కన నిలబడి, ఒకసారి వాచీ చూసుకున్నాడు, ఒకసారి గోపురం చూసినాడు.

"...ఒక్క ఉదయంలో ఇరవై ఏడు మంది. డప్పులు ఆపకుండా కొట్టారట, వాళ్ళ చివరి మాటలు జనానికి వినపడకూడదని —"

టక్కుమని కరెంటు పోయింది.

ఎవరో ఆడమనిషి చిన్నగా అరిచింది. ఎవరో నవ్వినారు. మేడం గొంతు వినపడింది: "జనరేటర్ వస్తుంది, ఒక్క నిమిషం, ఎవరూ కదలకండి."

జనరేటర్ రాలేదు.

అప్పుడు... పైన...

ఠంగ్.

ఒక్కటే. గోపురం లోపల ఆ మోత తిరిగి తిరిగి కిందికి దిగింది.

ఠంగ్... మళ్ళీ.

ఇంక చూడాల ఆ పదకొండు మందిని! కాఫీ కప్పులు రాళ్ళ మీద పగిలినాయి. ఐదు నిమిషాల ముందు యూరప్ కొనడానికి వచ్చిన మనుషులు ఒకరి మీద ఒకరు పడి నా టెంపో కాడికి పరిగెత్తినారు. ఒకాయన పెండ్లాన్ని తోసేసి ముందు ఎక్కినాడు. ఎక్కినాక, అద్దాల వెనక క్షేమంగా ఉండామని తెలిసినాక, ధైర్యం వచ్చింది. ఫోన్లు బయటికి తీసినారు. అమరనాథ్ అయితే దిగి, టెంపో తలుపు చేత్తో పట్టుకొని, "గయ్స్, లైవ్‌లో ఉన్నాం, ఇది రియల్" అని గుసగుసలాడతా ఉండాడు.

మేడం రాలేదు.

చీకట్లో ఆయమ్మ తెల్ల చీర గోపురం తలుపు కాడికి పోవడం చూసినా. తలుపు తెరిచే ఉండాది... లోపలికి పోయింది.

లోపల జరిగింది ఆయమ్మ చెప్పిందే చెప్తా.

ఇనుప మెట్లు. నలభై రెండు. ఫోను దీపం వెయ్యలేదు, వేస్తే వాడు పారిపోతాడని. ఒక్కొక్క మెట్టూ చేత్తో తడుముకుంటా ఎక్కింది. ఇరవై మెట్లు అయినాక పైన ఊపిరి వినపడింది. మనిషి ఊపిరి... గుర్రుగుర్రుమని, ఉబ్బసం ఉన్న మనిషి మాదిరి. మేడం ఆగింది. ఊపిరీ ఆగింది.

"ఎవరు?" అనింది మేడం, మెల్లగా.

పైన తాడు కిర్రుమనింది.

"ఎవరైనా సరే, నాకు భయం లేదు. కిందికి రా."

పై నుంచి ఆడగొంతు. "నాకు బయమున్నది. నువ్వే రా అమ్మా."

మేడం ఆడనే కమ్మీ పట్టుకొని నిలబడింది. ఎవడో మగవాడు, తాగుబోతు, పోకిరి ఉంటాడనుకొని తిట్లు సిద్ధం చేసుకున్న మనిషి. ఈ గొంతుకు ఆ తిట్లు పనికి రాలేదు.

ఎక్కింది. ఫోను వెలిగించింది.

ఎముకలప్ప కాళ్ళ కాడ, తాడు చేతికి చుట్టుకొని, ఒక ఆడమనిషి కూర్చోనుండాది. తల మీద తువ్వాల. చేతుల నిండా సిమెంటు పగుళ్ళు.

"నువ్వెవరు?"

"పెద్దక్క అంటరమ్మా. మల్లయ్య పెండ్లాన్ని."

మేడం కోపం మళ్ళీ వచ్చింది. భయం పోయిన మనిషికి కోపం ఎక్కువ వస్తాది. "నువ్వా ఇన్నాళ్ళూ కొట్టింది? నీ వల్ల నా ఉద్యోగం పోతోంది తెలుసా? నువ్వు దెయ్యమాట ఆడుకుంటే నేను రోడ్డున పడాలా?"

పెద్దక్క తాడు విడవలేదు. "నేను దయ్యమని ఎవ్వలికీ చెప్పలే. గంట కొట్టిన. గంతే. గంట ఇంటె ఎవలన్న ఒచ్చి ఏందమ్మా అని అడుగుతరనుకున్న. ఏడాదిన్నర సంది కొడుతున్న. అందరు ఉరుకుడే గని, పైకి ఒచ్చి అడిగినోళ్ళు లేరు. నువ్వే మొదలు. నువ్వు గూడ తిట్టనీకి ఒచ్చినవు."

మేడం ఫోను దీపం కిందికి దించింది.

"ఈడికెళ్ళే పడ్డడమ్మా. నా మొగడు. ఏడు గంటల నలపై నిమిషాలకు. లైట్లు పెట్టి పని చేయిస్తుండిరి. ఓబళప్ప తాత వాచ్‌మెన్, ఆయన కండ్లతోని చూసిండు. బయపడి ఆర్నెల్ల దాంక చెప్పలే. చెప్పినంక, గీ తాళంచెవి నా చేతుల పెట్టిండు. నేను ఇంతకన్న ఏం చెయ్యలేను బిడ్డా అన్నడు."

"పోలీసులకు చెప్పలేదా?"

"పోయిన. ఆ పొద్దు సైటుల పనే లేదన్నరు. హాజరు పుస్తకం చూపిచ్చిండ్రు. ఆ పొద్దుది కాయితమే లేదు. తాగి సచ్చిండని రాసిండ్రు. మా ఊళ్ళె అందరు గదే నమ్మిండ్రు. మా అత్త గూడ నమ్మింది. నా మొగడు మందు ముట్టడమ్మా. కల్లు గూడ తాగడు, ఒంటికి పడదు." ఆ మాట చెప్తా తాడును ఇంకొక చుట్టు బిగించుకుంది. "నువ్వు శెనారం శెనారం కింద నిలబడి చెప్తవు గద. నాలుగు వందల ఏండ్ల కింద సచ్చినోళ్ళు ఇరవై ఏడు మంది అని. ఏడనో సచ్చినోళ్ళు. వాళ్ళ పేర్లు గోడ మీద రాసిండ్రని చెప్తవు. మంచిగ చెప్తవు. నేను పైన ఇంటుంట. నీ కాళ్ళ కింద సచ్చినోని పేరు నీకెరికేనా అమ్మా?"

మేడంకు తెలుసు ఆ పేరు. ఆ లేఅవుటులో అందరికీ తెలుసు. కూలీల దెయ్యం కథ అని ఆయమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆయమ్మ నా మొఖం చూడలేదు.

అంతలో కింద నుంచి అరుపు.

"ఓబళప్పా! నువ్వేనా రా పైన? దిగు కిందికి! దొంగ నా కొడకా!"

మోహన్‌కుమార్. పదకొండు మంది చూస్తా ఉండారు కాబట్టి మగతనం చూపించుకోవాల గదా. గోపురం తలుపు కాడ నిలబడి ఫోను దీపం పైకి కొడతా ఉండాడు. మెట్టు మాత్రం ఎక్కలేదు.

మేడం ఫోను ఆర్పేసింది. ఆ చీకట్లో ఆయమ్మ ఏం ఆలోచించిందో నాకు తెలీదు. దిగిపోయి, "ఇదిగో సార్, పట్టుకున్నాను" అంటే ఉద్యోగం నిలబడతాది. ఆ ముసలి ఓబళప్ప పోతాడు, ఈ మనిషిని పోలీసోళ్ళు ఈడ్చుకుపోతారు. అంతే గదా.

ఆయమ్మ దిగలేదు. పెద్దక్క చేతి మీద చెయ్యి వేసి, చెవిలో, "అడుగు" అనింది.

"ఏమడగాలమ్మా?"

"ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది."

పెద్దక్క వంగింది. సిమెంటు దుమ్ముకు ఎప్పుడో పోయిన గొంతు. ఆ ఖాళీ గోపురంలో అది దిగతా దిగతా మగా కాదు, ఆడా కాదు, ఇంకేదో అయిపోయింది. టెంపోలో కూర్చోనున్న నాకే వినపడింది.

"సారూ... నన్ను రోడ్డు మీద ఎందుకేసిండ్రు... సారూ..."

మోహన్‌కుమార్ చేతిలోని ఫోను కింద పడింది.

ఠంగ్.

ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడినాడు. ఆ తెల్ల శిలువల మీదే. చదువు లేని కూలోళ్ళను చూసి నవ్వినోడు, సెల్ఫీ తీసుకుంటానన్నోడు, రెండు చేతులూ ఎత్తి పైకి మొక్కుతా, ఏడస్తా అరిచినాడు:

"మల్లయ్యా! నేను కాదప్పా! నీ దమ్మయ్య, నేను కాదు! పుస్తకంలో పేజీ చింపినాను, ఒప్పుకుంటా... రోడ్డు మీద పెట్టమన్నది పెద్దసారు! నీ నోట్లో మందు పోసింది సూపర్వైజరు, నేను చూస్తా ఉన్నా, అంతే! బండి తెచ్చినోడు ఉండాడు, వాడినడుగు! వాడిని పట్టుకో! నన్ను విడిచిపెట్టప్పా... నాకు ఇద్దరు బిడ్డలు..."

అమరనాథ్ కర్ర చివర ఫోను ఎర్రగా వెలగతా ఉండాది. ఆ గయ్స్ ఎవరో గానీ, రెండు వేల మంది ఆ మాటలన్నీ విన్నారని ఆయన తర్వాత చెప్పినాడు.

మేడం పెద్దక్క చెయ్యి పట్టుకొని దిగొచ్చింది. మోహన్‌కుమార్ ఇద్దరినీ చూసినాడు. చూసి, లేవడానికి పోయి, మళ్ళీ కూలబడినాడు. మేడం ఆయన్ను దాటుకొని టెంపో కాడికి వచ్చి, వాక్‌లో చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఈ గడియారం కట్టేటప్పుడు మల్లయ్య అనే మనిషి పైనుంచి పడ్డాడు. ముప్పై ఆరేళ్ళు. ఈమె ఆయన భార్య. మీ ఫోన్లలో ఉన్నది ఎవరూ డిలీట్ చేయొద్దు. ఎవరికైనా ఏమైనా అడగాలని ఉంటే ఈమెను అడగండి."

ఎవరూ అడగలేదు. పార్కింగ్ గురించి కూడా అడగలేదు. దెయ్యం లేదని తేలిపోయినా, ఒక్క నిమిషం ఆడ ఉండలేక, ఫోన్లలో క్యాబులు పిలుచుకొని కమాను దాకా నడిచి పోయినారు. నా టెంపో కూడా వద్దన్నారు.

తర్వాత సంగతి మీరు వినే ఉంటారు. వీడియో అన్ని ఫోన్లకూ పోయింది. పెద్దసారును తిరుపతిలో పట్టుకున్నారు. ఓబళప్ప జడ్జి ముందర చూసిందంతా చెప్పినాడు. మల్లయ్య చావు కాగితం దిద్దించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తాగి అనే మాట కొట్టేసినారు. పెద్దక్క ఆ కాగితాన్ని ఊరికి తీసకపోయి, అందరినీ కూడగట్టి, బడిపిల్లోడి చేత గట్టిగా చదివించిందంట. వరూధిని మేడంకు ఉద్యోగం పోయింది. ఇప్పుడు చందాపురలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాస్తా ఉండాది.

ఆ కేసులో నా పేరు కూడా ఉండాది. నాలుగో ముద్దాయి. బెయిల్ మీద తిరగతా ఉండాను.

ఏంటికో చెప్తా.

ఆ రాత్రి హొసకోటె పోలీస్ స్టేషన్‌కు మేడంనూ పెద్దక్కనూ నేనే తీసకపోయినా. మేడం ముందు దిగి లోపలికి పోయింది. పెద్దక్క నా వెనక సీట్లోనే కూర్చోనుండాది. నేను ఇంజను ఆపినా.

"అన్నా," అనింది. "బండి తెచ్చినోని పేరు ఆ సారు చెప్పలే. నీకెరికేనా ఎవలో?"

రెండేండ్లు. రెండేండ్లు నేను ఓనరును చూసి నవ్వినా, మేనేజరును చూసి నవ్వినా, ఇండ్లు కొనేవాళ్ళను చూసి నవ్వినా. మల్లయ్య పడిన రాత్రి సైటు నుంచి నాకు ఫోను వచ్చింది, మనిషి పడినాడు, ఆస్పత్రికి పోవాల అని. బండి వేసుకొని పోయినా, వాడిని ఎక్కించుకొని ఆస్పత్రికి బయలుదేరినా. సగం దూరంలో సూపర్వైజరు నా భుజం మీద చెయ్యి వేసి, ఈడ ఆపు అన్నాడు. ఆపినా. చీకటి. హైవే. ఏంటికని అడగలేదు. మర్నాటి నుంచి లేఅవుటు బండ్ల పనంతా నాకే వచ్చింది, అప్పుడూ ఏంటికని అడగలేదు.

"నేనేనమ్మా" అన్నా.

ఆయమ్మ అరవలేదు. కొట్టలేదు. అద్దంలో చూస్తే మొఖం కనపడలేదు, ఊపిరి మాత్రం వినపడతా ఉండాది. మెల్లగా అడిగింది.

"అప్పటికి... పానమున్నదా అన్నా?"

"ఉండింది తల్లీ. నీళ్ళడిగినాడు."